ఆవు తినని గడ్డి

ఇల్లు కొన్నప్పుడు నేను సంతకాలు పెట్టిన కాగితాల్లో పద్నాలుగో పేజీ చదవలేదు. చదివినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఇంటి ముందు జాగాలో పచ్చిక మాత్రమే ఉండాలని, దాన్ని కత్తిరిస్తూ పచ్చగా ఉంచాలని, కూరగాయలు అక్కడ కనబడకూడదని ఆ పేజీలో రాసి ఉంది. మా కాలనీ హామిల్టన్ నుంచి కారులో ఇరవై నిమిషాల దూరం. మొన్నమొన్నటిదాకా అక్కడ ఆవులు మేసేవి. కాలనీ కట్టినవాళ్ళు ఆవులను పంపేసి గడ్డిని ఉంచుకున్నారు. గడ్డి పెరుగుతూనే ఉంటుంది కాబట్టి మేసే పని ఇళ్ళవాళ్ళకు అప్పజెప్పారు.

నేను డెయిరీ ఫారాలకు నీళ్ళ పంపులు బిగించే కంపెనీలో పని చేస్తాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆవుల గడ్డికి నీళ్ళు, శని ఆదివారాలు మా గడ్డికి నీళ్ళు. మూడేళ్ళు అలాగే చేశాను. మా ఆవిడ హాస్పిటల్లో నర్సు, డ్యూటీ నుంచి వచ్చాక ఆమె చూసేది మంచం ఒక్కటే. వీధిలో అందరూ గడ్డి కోసే మోవర్ తోస్తున్నారు కాబట్టి నేనూ తోశాను. అది ఎందుకని అడిగేవాళ్ళు లేకపోయారు, అమ్మ వచ్చేదాకా.

అమ్మది అనంతపురం జిల్లా. ఆరెకరాల వేరుశనగ, ఎండిపోయిన మూడు బోర్లు, రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకరు, ఇవీ ఆమె ఆస్తి. నాన్న పోయాక రెసిడెన్సీ తీయించి మా దగ్గరికి తెచ్చుకున్నాం. వచ్చిన మొదటి శనివారం నేను గడ్డి కోసి, కోసిందంతా పచ్చ మూత డబ్బాలో కుక్కుతుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

"ఆ గడ్డి యాడికి పంపిస్తాండావు?"

"లారీ వచ్చి తీసుకుపోతుందమ్మా."

"ఏ ఆవుకి?"

"ఏ ఆవుకీ కాదు."

"మరి నీళ్ళు పోసి పెంచేది దేనికి?"

"కోసేకి," అన్నాను. అమ్మతో మాట్లాడేటప్పుడు నా నోటికి మా ఊరి మాట దానంతటదే వచ్చేస్తుంది.

అమ్మ నవ్వలేదు. "పోసేటివి తాగే నీళ్ళేనా?" అని అడిగింది. అదే పైపు, అవే నీళ్ళని చెప్పాను. లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం బియ్యం కడిగిన నీళ్ళు సింకులో పారబోయబోతుంటే గిన్నె నా చేతిలోంచి తీసుకుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ నీళ్ళూ ఒక్క పనికే వాడి పారబోయలేదు.

ఇక్కడ ఎండాకాలమైన ఆ డిసెంబరు, జనవరి నెలల్లో వాన పడలేదు. స్ప్రింక్లర్లు వాడొద్దని, పైపు చేత్తో పట్టుకుని రోజు విడిచి రోజు మాత్రమే నీళ్ళు పెట్టుకోమని బోర్డులు లేచాయి. రేడియోలో కరువు అన్నారు. ఆ వార్త అమ్మకు చెప్పాను. ఆమె కిటికీలోంచి అవతలి గట్టు మీద మేస్తున్న ఆవుల వైపు చాలాసేపు చూసింది.

"అవి నడిచేకి ఆయాసపడతాండాయి, అంత బలిసినాయి. దీన్ని కరువంటారా?" అంది. తర్వాత కాస్త మర్యాదగా, "వీళ్ళకు అలవాటు లేదు పాపం," అని కూడా అంది.

మా గడ్డి ఫిబ్రవరిలో చచ్చింది. దాని చావు మీద అమ్మకు ఏ విచారమూ లేదు. మా వైపు వాకిట్లో గడ్డి మొలిచిందంటే ఆ ఇంట్లో మనుషులు లేరని లెక్క. ఇక్కడ వాకిట్లో గడ్డి లేకపోతే మనుషులు లేరని లెక్క. అమ్మకు తెలిసిన లెక్క మొదటిదే కాబట్టి, ఎండిన గడ్డిని పారతో చెక్కి తీసేసింది. నా చేత కంకర తెప్పించి పరిపించింది. మధ్యలో మడులు కట్టి కలబంద, వామాకు, బంతి, అలసంద, గోడ వారగా గోంగూర వేసింది. గుమ్మం ముందు చాప వేసేంత జాగా ఖాళీగా ఉంచి పొద్దున్నే ఊడ్చి ముగ్గేసేది. మొత్తం తోటకు రోజుకు రెండు గిన్నెల కడుగునీళ్ళు సరిపోయేవి. అంతకుముందు ఆమె పగలంతా టీవీ ముందు కూర్చుని కునికేది. ఇంతమందిలో ఉండి కూడా ఇక్కడ తనను పలకరించేవాళ్ళు లేరని ఒకసారి నాతో అంది. తోట వేశాక కుక్కలను నడిపించుకుంటూ వెళ్ళే కివీలు, అంటే ఈ దేశంవాళ్ళు, ఆగి బొటనవేలెత్తి చూపించేవాళ్ళు. ఈమె ఒక గోంగూర కట్ట చేతిలో పెట్టేది. దాన్ని ఏం చేసుకోవాలో వాళ్ళకు తెలియకపోయినా థాంక్యూ చెప్పి పట్టుకెళ్ళేవాళ్ళు. వాళ్ళ కుక్కల పేర్లన్నీ అమ్మకు వచ్చేశాయి.

మార్చిలో ఉత్తరం వచ్చింది. రాసింది మా పక్కింటాయనే. రిటైరైన కివీ, కాలనీ సొసైటీకి సెక్రటరీ. కియా ఓరా అని ఇక్కడి పలకరింపుతో మొదలుపెట్టి, మా అమ్మగారి శ్రమను మెచ్చుకుని, పద్నాలుగో పేజీని గుర్తుచేసి, వీలు చూసుకుని పచ్చిక మళ్ళీ వేయమని కోరాడు. వేయకపోతే ఏమవుతుందో కూడా అంతే మర్యాదగా రాశాడు. ఈ దేశంలో మెడ పట్టి గెంటేటప్పుడు కూడా ముందు భుజం తడతారు. ఉత్తరం మా డబ్బాలో వేసి ఆయన తిన్నగా ఇంటికెళ్ళి తన పచ్చిక మీద ఏదో పిచికారీ చేయడం మొదలుపెట్టాడు. అమ్మ నన్ను కేకేసింది.

"రేయ్, గడ్డికి రంగేస్తాండాడు రా."

నిజంగానే ఆకుపచ్చ రంగు. ఎండిన పచ్చిక కోసం హార్డ్‌వేర్ షాపులో అమ్ముతారు. ప్రాణమున్న గోంగూర రూలుకు విరుద్ధం, రంగు పూసిన శవం రూలుకు అనుకూలం. ఇది నేను తర్వాత పద్నాలుగో పేజీ తీసి రెండుసార్లు చదివి నిర్ధారించుకున్నాను.

అలా చదువుతున్నప్పుడే నాకు తెలివితేటలు పుట్టాయి. పేజీలో గడ్డి అని ఉంది గానీ ఏ గడ్డో లేదు. వినాయక చవితి కోసమని అమ్మ వెనకాల కుండీలో గరిక పెంచుతోంది. గరిక కూడా గడ్డే, నీళ్ళు అడగని గడ్డి. కంకరలో సగం తీసేసి గరిక దుబ్బులు నాటాం. నెలన్నరలో అల్లుకుపోయింది. వీధి మొత్తం మీద రంగు వేయకుండా పచ్చగా ఉన్నది మాదొక్కటే. సెక్రటరీ వచ్చి వంగి ఒక పోచ తుంచి చూశాడు. దీన్ని ఇక్కడ ఇండియన్ దోఆబ్ అంటారని, పూలమడుల్లోకి జొరబడి ఎంత పీకినా పోదని, ఇప్పటికే తన వైపుకు వచ్చేసిందని చెప్పాడు. ఇండియన్ అనేటప్పుడు కొంచెం ఇబ్బంది పడ్డాడు కూడా. నేను ఇబ్బంది పడలేదు. ఆ గర్వం జూన్ దాకా ఉంది. జూన్‌లో మంచు పడేసరికి గరిక మొత్తం గోనెపట్ట రంగుకు తిరిగింది. చలికాలమంతా అందరి పచ్చికలూ నవనవలాడుతుంటే మాది చచ్చిన గడ్డి అని రెండో ఉత్తరం వచ్చింది. ఫిబ్రవరిలో జరిగే వార్షిక సమావేశం దాకా గడువిచ్చారు. ఆలోపు పచ్చికైనా వేయాలి, లేదా ఆ సమావేశంలో రూలైనా మార్పించుకోవాలి.

రూలే మారుద్దామని నిర్ణయించుకున్నాను. నీళ్ళు అడగని మొక్కలు, కంకర, ఏవైనా ఇంటి ముందు వేసుకోవచ్చని ఒక తీర్మానం రాశాను. గెలిస్తే తోట ఉంటుంది, ఓడిపోతే నెలాఖరుకు పీకేయాలి. అమ్మకు ఈ మాట చెప్పాను. "నువ్వు మాట్లాడితే గెలుస్తాంలే," అంది. ఆమెకు నా మీద ఎప్పుడూ ఉన్న నమ్మకం అది. దాన్ని నిలబెట్టే పని నేనెప్పుడూ పెద్దగా చేయలేదు.

కాలనీలో మా తెలుగువాళ్ళ ఇళ్ళు ఏడు. ఏడింటికీ వెళ్ళాను. ప్రతి ఇంట్లో కాఫీ, కారప్పూస, ప్రతి ఇంట్లో అదే మాట: "ఆంటీ గార్డెన్ సూపర్ అన్నా. మా ఓటు మీకే." ఏడిళ్ళవాళ్ళూ ఆ తోట గోంగూర తిన్నవాళ్ళే. మన దేశంవాళ్ళు ఎక్కువగా ఉండే ఫ్లాట్ బుష్ నుంచి ఉద్యోగం మారి వచ్చినతను మాత్రం కొంచెం గొంతు తగ్గించి, "రీసేల్ కూడా చూసుకోవాలి కదన్నా. ఇండియన్స్ వీధి అని పేరొస్తే కష్టం. అయినా మీరు అడిగాక కాదంటామా," అన్నాడు. కాదంటామా అన్నవాడు అవునని అనలేదని నాకు ఇంటికొచ్చాక తట్టింది. తట్టినా పెద్దగా పట్టించుకోలేదు.

సమావేశం స్కూలు హాల్లో. స్ప్రింక్లర్లు వాడొద్దన్న బోర్డు హాలు గేటు పక్కనే ఉంది. అందరూ దాని పక్కనుంచే నడిచి లోపలికొచ్చారు. ఇంటికో పసుపు కార్డు ఇచ్చారు, ఇంటికి ఒకే ఓటు కాబట్టి. మా కార్డు నా దగ్గర ఉంది. అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆమెకు అటువైపు మా ఆవిడ కూర్చుంది, ఇటువైపు నేను. మూడో వరసలో మా కంపెనీ మేనేజరు కనబడ్డాడు. ఆయన ఇల్లు అదే కాలనీలో, వెనక వీధిలో. నన్ను సూపర్‌వైజరు చేసే మాట అప్పటికి నెల రోజులుగా నడుస్తోంది. టీ దగ్గర ఆయన నవ్వుతూ, "ఈ గడ్డి విప్లవం నీదేనా?" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే నా వెన్ను సగం మెత్తబడింది.

లేచి మూడు నిమిషాలు మాట్లాడాను. నీళ్ళ గురించి బాగానే చెప్పాను. చివర్లో ఎవరూ అడగకుండానే, ఇది ఒక సూచన మాత్రమేనని, మీకు నచ్చకపోయినా నో వరీస్ అని కలిపాను. తీర్మానం చర్చకు రావాలంటే ఇంకొకరు బలపరచాలి. మావాళ్ళ ఏడిళ్ళ వైపు చూశాను.  ఆఖరికి సెక్రటరీయే లేచి, తాను దీనికి వ్యతిరేకమని, అయినా చర్చ లేకుండా తోసేయడం న్యాయం కాదు కాబట్టి బలపరుస్తున్నానని చెప్పాడు. గడ్డికి రంగేసే మనిషని ఏడాదిగా నేను ఇంటా బయటా ఎగతాళి చేసింది ఆయన్నే.

చర్చ జరిగింది. వీధి అందం అన్నారు, ఇళ్ళ విలువ అన్నారు, పిల్లలు ఆడుకోవడానికి పచ్చిక కావాలన్నారు. ఇంటి ముందు పచ్చికలో ఆడుకునే పిల్లవాణ్ణి నేను ఆ కాలనీలో ఒక్కణ్ణీ చూడలేదు. మోవర్‌కు తప్ప వాటి మీద అడుగు పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఒకావిడ లేచి, ఇవాళ కంకర అంటారు, రేపు మేకలంటారు, దీనికి అంతెక్కడ అని అడిగింది. మా ఆవిడ అది అమ్మ చెవిలో చెప్పినట్టుంది. "మేకలైతే మంచిదే కదా, కోసే పనుండదు," అని అమ్మ మెల్లగా అనడం నాకు వినబడింది.

అధ్యక్షురాలు, అనుకూలంగా ఉన్నవాళ్ళు కార్డులెత్తండి అంది.

నా కార్డు నా మోకాలి మీద ఉంది. నేను ముందు మావాళ్ళను చూశాను. ఒకతను ఫోను చూసుకుంటున్నాడు. ఒకతను బూటు లేసు కట్టుకుంటున్నాడు, విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాడు. ఫ్లాట్ బుష్ అతను నన్నే చూస్తున్నాడు. నేనెత్తితే ఎత్తుదామని వాళ్ళు, వాళ్ళెత్తితే ఎత్తుదామని నేను. మేమందరం చదువుకున్నవాళ్ళం, సముద్రాలు దాటి వచ్చినవాళ్ళం. పక్కవాడి చెయ్యి లేవకుండా మా చెయ్యి లేవదు. అక్కడక్కడా కివీల కార్డులు ఓ పదో పన్నెండో లేచాయి, కుక్కలవాళ్ళవి. అప్పుడు నా పక్కన అమ్మ చెయ్యి లేచింది. కార్డు లేని చెయ్యి. గాజులు మోచేతి దాకా జారాయి.

"పదకొండో నంబరు ఇంటి ఓటు ఎవరిది?" అని అధ్యక్షురాలు నవ్వుతూ అడిగింది.

"సారీ, ఆమె మా అమ్మ. ఇంగ్లీషు రాదు. అర్థం కాక ఎత్తింది," అన్నాను. అంటూనే అమ్మ చెయ్యి పట్టుకుని కిందికి దించాను. హాల్లో అందరూ ముచ్చటపడి నవ్వారు.

"మరి పదకొండు అనుకూలమేనా?"

అందరూ తిరిగి చూశారు. మూడో వరస కూడా తిరిగింది. 

"మేం న్యూట్రల్," అన్నాను.

తీర్మానం పెట్టినవాడు న్యూట్రల్‌గా ఉండటం ఆ సొసైటీ చరిత్రలో అదే మొదటిసారి అయి ఉంటుంది. సెక్రటరీ రాసుకుంటున్న కలం ఆపి నా వైపు చూశాడు. గోడ మీద పిల్లి అని మా ఊళ్ళో ఊరికే అనలేదు. నేను కార్డెత్తినా తీర్మానం ఓడిపోయేదే, తేడా అంత ఉంది. ఆ సంగతి నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్నప్పుడల్లా చేతిలో అమ్మ మణికట్టు తగులుతుంది. నన్ను చూస్తే నాకే అసహ్యం వేస్తుంది.

కార్లో బయల్దేరాం. ఇల్లు దగ్గరపడ్డాక, చీకట్లో కూడా కంకర తెల్లగా కనబడుతుంటే, మా ఆవిడ అంది:

"అత్తయ్యకి అర్థం కాకపోవడమేంటి? మొదట్నుంచీ ప్రతి మాటా నేను చెప్తూనే ఉన్నాను. చెయ్యి ఎప్పుడెత్తాలో కూడా నేనే చెప్పాను."

వెనక సీట్లో అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. 

తర్వాతి శనివారం టర్ఫు, అంటే పెంచి కోసిన పచ్చిక చాపలు, చుట్టలు చుట్టలుగా వచ్చాయి. పరిచేవాడు గరికను చూసి తల అడ్డంగా ఊపాడు. పైన ఎంత పరిచినా రెండు ఎండాకాలాల్లో ఇది పైకొస్తుందన్నాడు.  అతను రాకముందే అమ్మ గోంగూర మొత్తం వేళ్ళతో సహా పీకేసి, ఆకు ఒలిచి, కడిగి ఆరబెట్టింది. కడిగిన నీళ్ళు మాత్రం టర్ఫు మీద పోయలేదు. వెనక్కి మోసుకెళ్ళి గరిక కుండీలో పోసి వచ్చింది.

మధ్యాహ్నానికి పచ్చడి నూరడం పూర్తయింది. వంటింటి గట్టు మీద సీసాలు వరసగా పెట్టింది. ఏడు మావాళ్ళకు, ఒకటి సెక్రటరీకి. మావాళ్ళకెందుకమ్మా అని నేను అడగలేదు, అడిగే మొహం లేదు. అమ్మ ఎప్పుడూ వంట తను రుచి చూడదు, నాకు ఇచ్చి అడుగుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. వేలి కొసన కాస్త తీసి నా అరచేతిలో పెట్టింది.

"చూడు, ఉప్పు సరిపోయిందా?"

నాలుక మీద పెట్టుకున్నాను. పులుపు, కారం, అంతే. మిగతాదంతా చప్పగా ఉంది. ఆమె నా మొహంలోకి చూస్తోంది. వారం తర్వాత ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"సరిపోయిందమ్మా," అన్నాను.

అమ్మ ఉప్పు డబ్బా అందుకుని మూత తీసింది.

"ఇంకా ఉప్పెయ్యనేలేదు నాయనా. చప్పగుండాదని చెప్పేకి కూడా పక్కోళ్ళ మొగాలు చూడల్లా?"